తులసీదాస్ బలరామ్

సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో పేద తమిళ కుటుంబమున జన్మించిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు బలరామ్ పేరు నేటి విద్యార్థులలో ఎందరికి తెలియును? ఆయన ప్రతిభను గుర్తించి తీర్చిదిద్దినవారు హైదరాబాదు శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబుగారు. ముందు వరుసలో ఆడుచున్నను, బంతి తన యొద్దకు వచ్చువరకు నిలిచియుండక, వెనుకకు వచ్చి అందుకొని సహచరునకు అందించుట బలరామ్ ప్రత్యేకత. గోలు చేయుటకన్న ఈ విద్యయే కష్టతరమని మా అభిప్రాయము.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందిన భారత జట్టులో ఆయన సభ్యులు. 1960లో రోమ్‌లో హంగేరీపై, పెరూపై గోలులు చేసిరి. ఆ రెండు ఆటలును మనము ఓడితిమి, అది వేరు మాట. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణపతకము గెలిచిన జట్టులోను ఉండిరి. మరుసటి సంవత్సరమే ఊపిరితిత్తుల పొరకు సోకిన వ్యాధి ఆయనను మైదానమునకు దూరము చేసెను. అప్పటికి ముప్పది ఏండ్లైనను నిండలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూసిరి.