మూడేళ్ల బిడ్డకు ఏ బడి?

జూన్ నెల దగ్గర పడుతుంటే పల్లెల్లో తల్లిదండ్రుల మాటలన్నీ బడి చుట్టూ తిరుగుతాయి. మూడేళ్లు నిండిన బిడ్డను ఊళ్లోని అంగన్‌వాడీకి పంపాలా, మండల కేంద్రంలోని ఇంగ్లీషు మీడియం బడిలో ఎల్.కె.జి.లో వేయాలా? చూడడానికి ఇది చదువు సంగతి. కాని పిల్లల వార్డులోనూ, గ్రామ సందర్శనల్లోనూ ఈ బిడ్డలను చూసే మాకు ఇది ఆరోగ్య సంగతి కూడా.

కూలి చేసుకునే తల్లిదండ్రులు కడుపు కట్టుకుని ఫీజు కట్టడం మేము చూస్తూనే ఉన్నాం. డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని కట్టేవారూ ఉన్నారు. తాము ఎండలో పడిన కష్టం బిడ్డ పడకూడదని, నలుగురిలో ఇంగ్లీషులో ధైర్యంగా మాట్లాడాలని వారి ఆశ. ఆ ఆశను ఎవరూ తక్కువ చేయకూడదు. అది బిడ్డపై ప్రేమే.

ఈ మార్పు నిన్న మొన్నటిది కాదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం 2001-02లో పుట్టిన 2,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించింది. పేద కుటుంబాలు కూడా చిన్న పిల్లల చదువుకు డబ్బు పెట్టి ప్రైవేటు బడుల వైపు వెళ్తున్నాయని అది చూపింది. అలా డబ్బు పెట్టేటప్పుడు మగపిల్లల వైపు మొగ్గు కనిపించింది. అన్న ఆటోలో కాన్వెంటుకు, చెల్లెలు నడిచి అంగన్‌వాడీకి వెళ్లే ఇళ్లు మనకూ తెలుసు. దేవుని దృష్టిలో ఇద్దరూ సమానమే. మన ఇంట్లోనూ అలాగే ఉండాలి.

అంగన్‌వాడీని ఎందుకు వదులుతున్నారు?

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న ప్రారంభమైంది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధ, పిల్లలకు బడికి ముందు చదువు, ఈ ఆరు సేవలూ ఒకే చోట అందాలన్నది దాని ఉద్దేశం. అయితే చాలామంది తల్లుల మనసులో అంగన్‌వాడీ అంటే గుడ్డు, పిండి ఇచ్చే చోటుగానే మిగిలిపోయింది. టీచరమ్మకు రిజిస్టర్లు, సర్వేలు, వంట లెక్కలు చూసేసరికి పాటకూ కథకూ సమయం మిగలదు. కొన్ని ఊళ్లలో ఒకటే ఇరుకు గది. పైగా మధ్యాహ్నానికే ఇంటికొచ్చిన బిడ్డను చూసుకునేవారు లేకపోతే తల్లి పనికి వెళ్లలేదు. కనుక తల్లిదండ్రుల నిర్ణయానికి కారణాలు ఉన్నాయి.

చట్టమూ ఇక్కడ పెద్దగా ఆదుకోలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు హక్కు ఇచ్చింది. 3 నుంచి 6 ఏళ్ల వారి చదువును ప్రభుత్వాల పూనికకు వదిలింది.

బిడ్డకు ఏం కావాలి?

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. ఆ ఎదుగుదలకు కావలసినవి మంచి తిండి, చాలినంత నిద్ర, ఆట, మాట, భయం లేని చోటు. మూడేళ్ల బిడ్డ వేళ్లు పెన్సిలు పట్టి గంటల తరబడి రాయడానికి ఇంకా సిద్ధం కాలేదు. చింతగింజలు లెక్కపెట్టడం, మట్టితో బొమ్మలు చేయడం, పాట పాడడం, కథ విని తిరిగి చెప్పడం, ఇవే ఆ వయసుకు చదువు. తెలుగులో చక్కగా మాట్లాడే బిడ్డకు ఇంగ్లీషు రాదన్న భయం వద్దు. ఇంటి భాష గట్టిపడితే రెండో భాష దానిమీద నిలుస్తుంది.

పొద్దున్నే ఏమీ తినకుండా కిక్కిరిసిన ఆటో ఎక్కి, క్యారేజీలో చల్లారిన అన్నం సగం వదిలేసి, సాయంత్రం అలసి వచ్చే బిడ్డ బరువు పెరగకపోతే ఆశ్చర్యం లేదు. అంగన్‌వాడీ మానడంతో అక్కడి గుడ్డూ, నెలనెలా బరువు చూడడమూ ఆగిపోతే, తగ్గుదల ఎవరి కంటా పడదు.

బడి ఎంచుకునే ముందు

ఫీజు అడిగే ముందు బడి లోపలికి వెళ్లి చూడండి. ఆడుకునే స్థలం, శుభ్రమైన తాగునీరు, చిన్నపిల్లలు వాడగల మరుగుదొడ్డి ఉన్నాయా? ఒక్కో టీచరు దగ్గర ఎందరు పిల్లలు? కొడతారా? ఆటోలో ఎందరిని ఎక్కిస్తారు? ఈ ప్రశ్నలు అంగన్‌వాడీకీ వర్తిస్తాయి. అక్కడ లోటు ఉంటే తల్లులు కలిసి వెళ్లి టీచరమ్మతో, సర్పంచ్‌తో మాట్లాడండి. అడిగేవారుంటే పని నడుస్తుంది.

ఏ బడికి పంపినా ఈ నాలుగూ మానవద్దు:

1. నెలకోసారి అంగన్‌వాడీలో బరువు, ఎత్తు చూపించండి. అయిదేళ్లలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే తీవ్ర పోషకాహార లోపం. వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

2. విటమిన్ ఎ మందు అయిదేళ్లు నిండేలోగా మొత్తం 9 మోతాదులు పూర్తి కావాలి. అయిదారేళ్ల మధ్య వేసే డి.పి.టి. బూస్టరు మరచిపోవద్దు.

3. నులిపురుగుల మాత్ర ఏడాదికి రెండుసార్లు వేయించండి.

4. ఇంటి నుంచి కడుపు నిండా తినిపించి పంపండి. రాత్రి పూట పది నిమిషాలు బిడ్డతో మాట్లాడండి, ఒక కథ చెప్పండి. చదువురాని తల్లి కూడా ఇవ్వగలిగిన చదువు ఇది.

టై, బెల్టు కట్టుకుని వెళ్లే బిడ్డను చూస్తే మాకూ ముచ్చటే. ఆ టై కింద ఉన్న బిడ్డ బలంగా, సంతోషంగా, భయం లేకుండా పెరగాలన్నదే మా ప్రార్థన.