హెక్స్: సమఉజ్జీగా ముగియని ఆట

పులిజూదంలో మేకలు పులిని కట్టడి చేయాలి. దాడి ఆటలో మూడు కాయలు వరుసకు తేవాలి. హెక్స్‌లో కాయను చంపడం లేదు, ఒకసారి పెట్టినదానిని కదపడమూ లేదు. ఒక అంచు నుండి ఎదుటి అంచుకు తెగని దారి వేయడమే పని.

ఈ ఆటను డెన్మార్కు దేశస్థుడు పీట్ హైన్ 1942లో ప్రకటించాడు. ఆ సంగతి తెలియకనే కొన్నేళ్ళకు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జాన్ నాష్ దీనినే మళ్ళీ కల్పించాడు. 1994లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమతి పంచుకున్న నాష్ ఆయనే.

షడ్భుజాల బల్ల కొననక్కరలేదు. వరుసగా 11 చుక్కలు పెట్టి, సందు చుక్కల ముగ్గులో వలె తరువాతి వరుసను అర ఎడం కుడికి జరపండి. ఇట్లు 11 వరుసలు. లోపలి ప్రతి చుక్కకు ఆరు పొరుగు చుక్కలుంటాయి. పై, కింది అంచులు చింతగింజలవానివి. కుడి, ఎడమ అంచులు గులకరాళ్ళవానివి. వంతుకొక కాయ, ఏ ఖాళీ చుక్కపైనైనా సరే.

ఎవరూ గెలవకుండా ఆట ముగియదు. పొలంలో కాలువ ఈ గట్టు నుండి ఆ గట్టుకు పారలేదంటే, నడుమ ఎక్కడో అడ్డకట్ట తెగకుండా నిలిచిందన్నమాట. ఆ అడ్డకట్టే ఎదుటివాని దారి. కాబట్టి అడ్డుకోవడం వేరు, గెలవడం వేరు కాదు. పిల్లలకు ఇది తొందరగా పట్టుబడదు. ఎదుటి కాయకు ఆనించి కాయ పెడతారు, వాడు పక్కనుండి జారుకుంటాడు. నాలుగడుగులు ముందే కాచుకోవడం మేలు.

ముఖ్యమైన ఎత్తు వంతెన. మీ కాయకు సూటిగా రెండు వరుసల కింద మరొకటి పెట్టండి. నడుమ రెండు ఖాళీ చుక్కలుంటాయి. ఒకటి వాడు మూస్తే రెండవది మీరు పూరిస్తారు. తాకకున్నా ఆ రెండు కాయలు కలిసినట్లే. అయితే ఒకే ఖాళీ చుక్కపై రెండు వంతెనలు ఆధారపడితే రెండూ నిలవవు.

మొదట ఆడేవానికి తప్పక గెలిచే మార్గం ఒకటి ఉంటుందని నాష్ నిరూపించాడు. ఆ మార్గమేదో మాత్రం ఆ నిరూపణ చూపదు. నడిమి చుక్క పట్టినవానిదే పైచేయి. అందుకే ఇంట్లో చిన్నవాడు అలిగి లేచిపోకుండా ఈ నియమం పెట్టుకోండి: మొదటి కాయ పడగానే, రెండవవాడు కోరితే ఆ కాయనూ, ఆ పక్షాన్నీ తానే తీసుకోవచ్చు. అన్న భాగాలు వేస్తే తమ్ముడు ఎంచుకున్నట్లు. అప్పుడు అన్న మరీ మంచిదీ, మరీ చెడ్డదీ కాని చుక్కను వెదకవలసి వస్తుంది. చిన్నపిల్లలతో అయితే అయిదేసి చుక్కల అయిదు వరుసలతో మొదలుపెట్టండి.