కిరణాలు పడ్డాక రెండు మూడేళ్లు

మెదడులో ఏవీఎం (ధమనులూ సిరలూ నేరుగా కలిసిపోయిన రక్తనాళాల ముడి) ఉందని తేలినవాళ్లలో కొందరికి గామా నైఫ్ అనే కిరణాల చికిత్స చేస్తారు. గాటు ఉండదు, కుట్లు ఉండవు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వచ్చేస్తారు. గండం గడిచిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ రోజుకి మెదడులోని రక్తనాళాల ముడి అలాగే ఉంటుంది. ఈ సంగతి రోగికీ, ఇంట్లోవాళ్లకీ విడమరచి చెప్పి తీరాలి.

మామూలుగా ధమనిలో జోరుగా వచ్చే రక్తం సన్నటి కేశనాళికల గుండా పారి, నెమ్మదించి సిరలోకి చేరుతుంది. ఏవీఎంలో ఆ కేశనాళికలే ఉండవు. ధమని పీడనం నేరుగా సిర మీద పడుతుంది, అందుకే అది చిట్లే ప్రమాదం ఉంది. చికిత్స లేకపోతే నూటికి ఇద్దరి నుంచి నలుగురికి ఏటా రక్తస్రావం కావచ్చు. ఒకసారి చిట్లినవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

గామా నైఫ్ లాంటి కిరణాల చికిత్సను రేడియోసర్జరీ అంటారు. ఆ ఆలోచన స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్‌ది, 1951 నాటిది. 1970లో స్టాక్‌హోంలో ఆయనా, సహచరుడు లాడిస్లావ్ స్టైనర్ కలిసి దాన్ని తొలిసారి ఏవీఎం మీద ప్రయోగించారు. కోబాల్ట్-60 నుంచి వెలువడే దాదాపు రెండు వందల సన్నని గామా కిరణాలు ఆ ముడి దగ్గర కలుసుకుంటాయి. అవి నాళాన్ని అప్పటికప్పుడు మూసెయ్యవు. లోపలి పొరను దెబ్బతీస్తాయి. దాంతో గోడ నెలల తరబడి మందమవుతూ, కాలువలో పూడిక పేరుకున్నట్టు దారి ఇరుకవుతుంది. పూర్తిగా మూసుకోవడానికి రెండు మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పెద్ద ముడులైతే అసలు మూసుకోకనూపోవచ్చు.

నాళం మూసుకునేదాకా సాగే ఈ ఎదురుచూపు కాలంలో ఏమవుతుందన్నదానికి నాకు బాగా నచ్చిన జవాబు టోక్యో విశ్వవిద్యాలయ వైద్యులది. 500 మంది రోగుల వివరాలు చూసి 2005లో ప్రచురించారు. చికిత్సకు ముందు కాలంతో పోలిస్తే, ఎదురుచూసే రోజుల్లో రక్తస్రావం ముప్పు 54 శాతం తగ్గింది. నాళం మూసుకున్నాక 88 శాతం తగ్గింది. మరికొన్ని కేంద్రాల లెక్కల్లో ఎదురుచూపు కాలపు ముప్పు తగ్గినట్టు కనబడలేదు. ఎలా చూసినా అది సున్నా మాత్రం కాదు. టోక్యోలోనే 23 మందికి ఆ కాలంలోనే రక్తస్రావమైంది.

కాబట్టి ఆ రెండు మూడేళ్లూ బీపీ అదుపులో ఉండాలి. ఫిట్స్ మాత్రలు సొంతంగా ఆపకూడదు. గర్భం దాల్చాలనుకునే స్త్రీలు డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, ఫిట్స్, కాలుచేతులు చచ్చుబడటం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, రేడియోసర్జరీ జరిగిందని ఆసుపత్రి డాక్టర్లకు చెప్పాలి.

ఎన్నడూ చిట్లని ఏవీఎం ఉన్నవాళ్ల ప్రశ్న వేరు. ‘అరూబా’ అనే క్లినికల్ ట్రయల్‌లో సర్జరీ, ఎంబొలైజేషన్ (నాళాన్ని లోపలి నుంచి మూసే చికిత్స), రేడియోసర్జరీల్లో ఏదో ఒకటి చేయించుకున్నవాళ్లకంటే మందులతో సరిపెట్టుకున్నవాళ్లకు మరణం, పక్షవాతం తక్కువగా వచ్చాయి. 2014లో వెలువడిన ఆ ఫలితాలు సగటున మూడేళ్లలోపు గమనింపువే. ఇరవై ఏళ్ల కుర్రాడి ముందు ఇంకా యాభై ఏళ్ల ముప్పు ఉంటుంది. అందుకే వయసు, ముడి పరిమాణం, చోటు చూసి ఒక్కొక్కరికీ విడిగా తేల్చుకోవాలి.

యాంజియోగ్రామ్‌లో మూసుకుందని తేలిన తరువాత కూడా టోక్యోలో ఆరుగురికి రక్తస్రావమైంది. కిరణాలు పడిన చోట ఏళ్ల తరవాత నీటితిత్తి ఏర్పడటమూ అరుదుగా జరుగుతుంది. ‘నాళం మూసుకుంది’ అన్న రిపోర్టు చేతికొచ్చాక కూడా డాక్టరు చెప్పిన గడువుకు ఎంఆర్‌ఐ తీయించుకోవడం ఇందుకే.