పేషెంటు తాలూకు ఎవరు?

రోగి గానీ, రోగి తరఫువాళ్ళు గానీ వద్దంటే ఐసీయూలో చేర్చకూడదని 2024 జనవరిలో వార్తలకెక్కిన కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు చెప్పాయి. 24 మంది నిపుణులు కూర్చిన ఆ పత్రం గడప దగ్గర ఇంటివాళ్ళకు అంత పెద్ద మాట ఇచ్చింది. గడప దాటాక మాత్రం వాళ్ళు ఉత్త ‘పేషెంటు తాలూకు’. మందుల చీటీకీ, సంతకానికీ, డబ్బుకీ తప్ప వాళ్ళను పిలవరు. గుమ్మఘట్ట నుంచి రాయదుర్గం మీదుగా అనంతపురానికో బళ్ళారికో మనిషిని తెచ్చుకున్నవాళ్ళు వరండాలో దుప్పటి పరుచుకుని ఎదురుచూస్తుంటారు. లోపలివాళ్ళ లెక్కలో వాళ్ళు అడ్డు. కానీ ఏ మానిటరూ చూపించలేని సమాచారం ఒకటి ఆ దుప్పటి మీదే ఉంది.

అదేమిటో తెలియాలంటే సంధి గురించి చెప్పుకోవాలి. సన్నిపాతం, సంధి ప్రేలాపన అని మన పెద్దలు అన్నదాన్నే డాక్టర్లు డెలీరియం అంటారు. ఒంట్లో వాపు, చెడిన నిద్ర, మత్తుమందులు కలిసి మెదడును తికమక పెడతాయి. ఇది చిన్న విషయం కాదు. వెంటిలేటర్ మీదున్నవాళ్ళను గమనించి 2004లో అమెరికాలో వెస్లీ ఎలీ బృందం తేల్చిన లెక్క ప్రకారం, సంధి వచ్చినవాళ్ళలో 34 శాతం ఆరు నెలల్లోపు చనిపోయారు. రానివాళ్ళలో 15 శాతమే. దీన్ని పట్టుకోవడానికి అదే ఎలీ 2001లో ఒక పరీక్ష తయారుచేశాడు. నర్సు పది ఇంగ్లీషు అక్షరాలు చదువుతుంది: ఎస్, ఏ, వీ, ఈ, ఏ, హెచ్, ఏ, ఏ, ఆర్, టీ. ‘ఏ’ వినబడినప్పుడల్లా రోగి ఆమె చెయ్యి నొక్కాలి. రెండుకు మించి తప్పులొస్తే ధ్యాస నిలవడం లేదని అర్థం. తర్వాత, రాయి నీళ్ళమీద తేలుతుందా, సముద్రంలో చేపలుంటాయా వంటి ప్రశ్నలు. ఏబీసీడీలు ఎరగని వేరుశనగ రైతుకు ‘ఏ’ అంటే ఏమిటో, చెప్పేది ఏ భాషలోనో అన్న చిక్కు ఎలాగూ ఉంది. అసలు చిక్కు అంతకంటే ముందుంది. పరీక్షలో మొదటి ప్రశ్న, ఈ మనిషి మామూలుగా ఉండే తీరు నుంచి హఠాత్తుగా మారాడా అని. మామూలు తీరు ఎవరికి తెలుసు? నిన్న రాత్రి మొదటిసారి ఆ ముఖం చూసిన నర్సుకా? గొట్టాలు పీక్కునే రోగి అందరి కంటా పడతాడు. మాట్లాడకుండా గోడకేసి చూస్తూ పడుకునే సంధి అంతకంటే ఎక్కువ, దాన్నే ‘పేషెంటు ప్రశాంతంగా ఉన్నాడు’ అని రాసేస్తారు. ‘మా నాయన ఎప్పుడూ ఇట్ల ఉండడు’ అన్న కొడుకు మాట అక్కడ రక్తపరీక్షంత విలువైనది.

ఇంకా లోతైన సంగతి సారా. రోజూ తాగే మనిషికి ఆసుపత్రిలో అది ఆగిపోతే, రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, కలవరింత మొదలవుతాయి. చూడ్డానికి ఇదీ సంధే. దీనికి ముఖ్యమైన మందు బెంజోడయాజెపీన్లు. మిగతా సంధిని ముదరబెట్టే మందుల్లోనూ అవే ముందుంటాయి! లక్షణం ఒకటే, వైద్యం అడ్డం తిరిగినంత వేరు. తేల్చే జవాబు వరండాలో ఉన్న భార్య నోట ఉంది.

బంధువులను లోపలికి రానివ్వడం మీద సిబ్బంది అభ్యంతరాలు ఊరికే పుట్టినవి కావు. నర్సుల వైఖరి కొలవడానికి 2008లో స్వీడన్‌లో వచ్చిన ప్రశ్నావళిలో కుటుంబాన్ని ‘ఆసరా’గా చూస్తారా అన్న విభాగంతోపాటు ‘భారం’గా చూస్తారా అన్నదీ ఉంది. ఇన్‌ఫెక్షన్ భయం పాతది. ఫ్లోరెన్స్‌లో 2006లో గుండె రోగుల ఐసీయూలో బంధువులను స్వేచ్ఛగా రానిస్తే గదిలో సూక్ష్మజీవులు పెరిగాయి గానీ రోగుల ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు, గుండె చిక్కులు తగ్గాయి కూడా. పని పెరిగి అలసిపోతామన్నది రెండో భయం. బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో సిబ్బంది అలసట చెప్పుకోదగినంత మారలేదు, బంధువుల ఆందోళన తగ్గింది. అయితే అక్కడే కుటుంబ పక్షపాతులూ దెబ్బతిన్నారు. అంతకు రెండేళ్ళ ముందు ఒకే ఐసీయూలో బంధువులను ఎక్కువసేపు ఉండనిస్తే సంధి 20.5 శాతం నుంచి 9.6కు పడిపోయిందని చంకలు గుద్దుకున్నారు. 36 చోట్ల చూస్తే కాసేపే రానిచ్చినప్పుడు 20.1, ఎక్కువసేపు ఉండనిచ్చినప్పుడు 18.9. తేడా లేనట్టే. బంధువు పక్కన కూర్చున్నంత మాత్రాన సంధి తగ్గుతుందనుకోవడం పొరపాటు. బంధువు మందు కాదు, సాక్షి. సాక్షిని అడగాలి కదా?

అడగడానికి యంత్రం అక్కర్లేదు. చెవుడుందా, కళ్ళజోడు పెట్టుకుంటాడా, తెలుగా కన్నడమా, తాగుతాడా అని ఒక కాగితం కేసుషీటుకు గుచ్చితే చాలు. చివరి ప్రశ్నను మాత్రం భార్యను అత్తమామల ఎదుట అడిగితే ‘లేదండీ’ అనే వస్తుంది. ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలవాలి.