గొర్రె పుర్రె, మేక పుర్రె

బ్యాంకులో అప్పులు రాసే రోజుల్లో గొర్రెలనూ మేకలనూ ‘జీవాలు’ అని ఒకే పద్దులో వేసేవాణ్ణి. బెంగళూరులో పశువైద్యం చదువుతున్న మా మనవరాలు పుర్రెల దగ్గర తడబడి ప్రాక్టికల్స్‌లో మార్కులు పోగొట్టుకున్నాక, నేనూ ఆమె పుస్తకం తెరిచాను.

విద్యార్థులారా, ముందు కంటిగుంత ముందరి ఎముకను వేలితో తడమండి. గొర్రెకు అక్కడ గ్రంథి ఇమిడే చిన్న పల్లం ఉంటుంది, మేకకు ఉండదు. కొమ్ము మొదలు గొర్రెకు ఇంచుమించు మూడు పలకలుగానూ, మేకకు పక్కల నొక్కిన కోడిగుడ్డులాగానూ ఉంటుంది. మన బన్నూరు గొర్రెలకు సాధారణంగా కొమ్ములే ఉండవు కాబట్టి పల్లాన్నే నమ్మాలి. పళ్ళు లెక్కపెట్టి లాభం లేదు. రెండింటికీ 32, పైన ముందుపళ్ళు లేవు.

ముక్కలైన ఎముకలతో మరీ కష్టం. జర్మన్ శాస్త్రజ్ఞుడు బోస్‌నెక్ 1969లో తేడాలు విడమరచి రాసినా, తవ్వకాల్లో దొరికిన చాలా ఎముకలను పురావస్తువారు నేటికీ ‘గొర్రె లేక మేక’ అని నాలాగే ఒకే పద్దులో వేస్తున్నారు.