డిప్రెషన్ మందులు: ఆడా మగా తేడా ఎంత?

డిప్రెషన్ బారిన పడేవారిలో పురుషులకంటే స్త్రీలు దాదాపు రెట్టింపు. బాల్యంలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య ఈ తేడా పెద్దగా ఉండదు, యుక్తవయసులో మొదలవుతుంది. జబ్బు వచ్చే తీరులోనే ఇంత తేడా ఉంటే మందు పనిచేసే తీరులో ఉండదా అని వైద్యులు చాలాకాలంగా వెతుకుతున్నారు.

ఈ వెతుకులాటకు ఊపునిచ్చింది 2000లో అమెరికాలో సుసాన్ కార్న్‌స్టీన్ బృందం ప్రచురించిన అధ్యయనం. దీర్ఘకాలంగా డిప్రెషన్ వదలని 235 మంది పురుషులకు, 400 మంది స్త్రీలకు 12 వారాలపాటు సెర్ట్రలైన్ గానీ, ఇమిప్రమిన్ గానీ ఇచ్చారు. సెర్ట్రలైన్ ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తరగతి మందు. మెదడులో విడుదలైన సెరటోనిన్‌ను నాడీకణాలు మళ్లీ లోపలికి తీసుకోకుండా అడ్డుకుంటుంది. ఇమిప్రమిన్ 1950ల నాటి ట్రైసైక్లిక్ మందు. స్త్రీలకు సెర్ట్రలైన్, పురుషులకు ఇమిప్రమిన్ మెరుగ్గా పనిచేశాయి. ఇమిప్రమిన్‌ను మధ్యలో మానేసినవారిలో స్త్రీలే ఎక్కువ. అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి వేరే ఉంది: సెర్ట్రలైన్‌కు ఆ మొగ్గు కనిపించింది నెలసరి వస్తున్న స్త్రీలలోనే. ముట్లుడిగినవారిలో రెండు మందులూ ఇంచుమించు ఒకేలా పనిచేశాయి.

అయితే రెండేళ్లకే దీనికి భిన్నమైన ఫలితం వచ్చింది. న్యూయార్క్‌లో రెండు దశాబ్దాలపాటు చికిత్స పొందిన 1,746 మంది వివరాలను ఫ్రెడరిక్ క్విట్‌కిన్ బృందం పరిశీలిస్తే ట్రైసైక్లిక్ మందులతో స్త్రీ పురుష భేదం కనిపించలేదు. చికిత్సను మార్చాల్సినంత తేడా మిగతా మందులతోనూ తేలలేదు. స్టార్-డి అనే భారీ అమెరికన్ అధ్యయనంలో మాత్రం సిటాలోప్రామ్ అనే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ వాడిన 2,876 మందిలో లక్షణాలు దాదాపు పూర్తిగా తగ్గినవారు స్త్రీలలో సుమారు 29 శాతం, పురుషులలో 24 శాతం. తేడా ఉందనే చెప్పాలి. కానీ ఎదురుగా కూర్చున్న ఒక రోగికి ఏ మందు రాయాలో అయిదు శాతం సగటు తేడా తేల్చలేదు.

తేడాకు ఒక మూలం మెదడులో కాదు, కడుపులో, కాలేయంలో ఉంది. స్త్రీలలో జీర్ణాశయం కాస్త నెమ్మదిగా ఖాళీ అవుతుంది. ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ కాబట్టి కొవ్వులో కరిగే మందులు ఎక్కువకాలం నిలుస్తాయి. మందును విరిచే కాలేయ ఎంజైముల చురుకుదనంలోనూ భేదాలున్నాయి. సీవైపీ1ఏ2 అనే ఎంజైము స్త్రీలలో తక్కువ చురుకు, గర్భనిరోధక మాత్రలు దాన్ని ఇంకా మందగింపజేస్తాయి. పొగతాగితే అదే ఎంజైము జోరందుకుంటుంది. పొగతాగేవారి రక్తంలో డులోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు దాదాపు మూడో వంతు తగ్గడానికి కారణమిదే. అంటే ఆడా మగా తేడాగా లెక్కకెక్కినదాంట్లో కొంత నిజానికి సిగరెట్ల తేడా కావచ్చు. గర్భం దాల్చాక ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. కొన్ని ఎంజైములు పుంజుకుంటాయి, కొన్ని నెమ్మదిస్తాయి. అంతకుముందు సరిపోయిన మోతాదు నెలలు నిండేకొద్దీ చాలకపోవచ్చు.

రెండో మూలం హార్మోన్లు. సెరటోనిన్ తయారీకి తోడ్పడే ఎంజైమును ఈస్ట్రోజెన్ పెంచుతుందనీ, సెరటోనిన్‌ను విరిచే ఎంజైమును తగ్గిస్తుందనీ జంతువులపై చేసిన ప్రయోగాలు చూపాయి. ముట్లుడిగాక ఎస్‌ఎస్‌ఆర్‌ఐల మొగ్గు ఎందుకు తగ్గిందో దీంతో కొంత అర్థమవుతుంది. నెలసరికి ముందు తీవ్రమైన చిరాకు, దిగులు కమ్మే రుగ్మతలో కథ ఇంకా విచిత్రం. డిప్రెషన్‌లో వారాలు పట్టే ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు ఇక్కడ రోజుల్లోనే ఉపశమనమిస్తాయి. నెలసరికి ముందు రెండు వారాలు మాత్రమే వేసుకున్నా చాలామందికి సరిపోతుంది. కాబట్టి ఇక్కడ మందు పనిచేసే దారి వేరై ఉండాలి. ప్రొజెస్టెరాన్ నుంచి పుట్టే అలోప్రెగ్నెనలోన్ అనే పదార్థంపై పరిశోధకుల దృష్టి పడింది. కాన్పు కాగానే ఇది శరీరంలో ఒక్కసారిగా పడిపోతుంది. దాన్ని పోలిన జురనలోన్ మాత్రను బాలింతల డిప్రెషన్‌కు 2023లో అమెరికా ఆమోదించింది. వాడాల్సింది 14 రోజులే.

దుష్ప్రభావాల విషయంలో 1997 నాటి ఒక స్పెయిన్ అధ్యయనం చెప్పుకోదగ్గది. ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు వాడుతున్న 344 మందిలో లైంగిక సమస్యలు పురుషుల్లో ఎక్కువమందికి, స్త్రీలలో ఎక్కువ తీవ్రంగా కనిపించాయి. తమంతట తాముగా ఈ సంగతి చెప్పినవారు 14 శాతం, వైద్యుడు నేరుగా అడిగితే ఒప్పుకున్నవారు 58 శాతం. ఇలాంటి మాట వైద్యుడి దగ్గర కూడా పెదవి దాటని మన సమాజంలో ఆ ప్రశ్న అడగడం మరీ అవసరం.

ఇంత ముఖ్యమైన విషయంలో సమాచారం ఆలస్యంగా పోగవడానికి ఒక కారణముంది. గర్భం దాల్చే వయసు స్త్రీలను తొలిదశ ఔషధ పరీక్షలకు దూరంగా ఉంచాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1977లో సూచించింది, 1993లో గానీ ఆ సూచనను వెనక్కి తీసుకోలేదు. జంతు ప్రయోగాల్లోనూ ఎక్కువగా వాడింది మగ ఎలుకలనే. ఇదే సంస్థ 2013లో జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర మోతాదును స్త్రీలకు సగానికి తగ్గించింది. విస్తృతంగా వాడే యాంటీడిప్రెసెంట్లకు అలా స్త్రీలకొకటి, పురుషులకొకటి అనే మోతాదు లేదు. అందుకే మనోవైద్యులు వయసు, నెలసరి, గర్భం, వాడుతున్న ఇతర మాత్రలు, పొగతాగే అలవాటు, గతంలో పడిన మందు, పడని మందు అడిగి తెలుసుకుని తక్కువ మోతాదుతో మొదలుపెడతారు, కొన్ని వారాలు చూసి మారుస్తారు.