ఒక్క లినక్స్ కంప్యూటర్.. ల్యాబ్ అంతా తెలుగు

పొరుగు రాష్ట్రాల్లోని మన తెలుగు మాధ్యమ తరగతులకు కంప్యూటర్ ల్యాబ్ చాలాచోట్ల మిగతా మాధ్యమాలతో ఉమ్మడి. ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ మనకు కావలసిన తెలుగు ఫాంట్లు వేసుకునే వీలుండదు. ఒకదాంట్లో టైపు చేసిన ప్రశ్నపత్రం ఇంకోదాంట్లో తెరిస్తే వరుసలు చెదిరిపోతాయి. ల్యాబ్‌లో లినక్స్ కంప్యూటర్ ఒక్కటున్నా దీనికి దారి ఉంది. ప్రోగ్రామ్ లినక్స్‌లో నడుస్తుంది, దాని విండో మాత్రం పక్కనున్న విండోస్ తెరపై కనిపిస్తుంది.

ఎలా సాధ్యం?

దీనికి ఆధారం ఎక్స్ విండో సిస్టమ్. 1984లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. ఇప్పుడు వాడుతున్న ఎక్స్11 రూపం 1987లో వచ్చింది. ఇందులో ప్రోగ్రామ్ ఒకచోట, తెర మరోచోట ఉండొచ్చు. నేటి ప్రోగ్రాములు అక్షరాలను తామున్న చోటే తయారుచేసి పంపుతాయి. కాబట్టి తెలుగు ఫాంట్లు లినక్స్‌లో ఉంటే చాలు.

ఏం చేయాలి?

* లినక్స్‌లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, ఎక్స్ఆథ్ ఉండాలి. ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల్లో ఎక్స్11 ఫార్వర్డింగ్‌కు అనుమతి ఇవ్వాలి. ఒక్కొక్కరికి వేరే యూజర్ ఖాతా తెరవాలి.
* విండోస్‌లో ఉచితంగా దొరికే వీసీఎక్స్‌సర్వ్ వేసి, 'మల్టిపుల్ విండోస్' ఎంచుకుని, డిస్‌ప్లే నంబరు 0 ఇవ్వాలి. 'డిజేబుల్ యాక్సెస్ కంట్రోల్' దగ్గర టిక్ పెట్టొద్దు. పెడితే నెట్‌వర్క్‌లోని ఎవరైనా ఆ తెరలోకి చొరబడొచ్చు.
* పుట్టీలో కనెక్షన్, ఎస్‌ఎస్‌హెచ్, ఎక్స్11 వరుసగా తెరిచి 'ఎనేబుల్ ఎక్స్11 ఫార్వర్డింగ్' దగ్గర టిక్ పెట్టాలి.
* లినక్స్ కంప్యూటర్ చిరునామా ఇచ్చి లాగిన్ అయ్యాక ప్రోగ్రామ్ పేరు టైపు చేయాలి. లిబ్రేఆఫీస్ అని కొడితే దాని విండో మన ముందే తెరుచుకుంటుంది.

ఇవి గుర్తుంచుకోండి

ఈ పద్ధతిలో శబ్దం రాదు, వీడియోలు నత్తనడక నడుస్తాయి. పాఠం టైపు చేయడానికి, ప్రశ్నపత్రాల తయారీకి ఇది సరిపోతుంది. వైఫై కన్నా కేబుల్ కనెక్షన్ మేలు. కనెక్షన్ తెగితే ప్రోగ్రామ్ కూడా మూతపడుతుంది కాబట్టి పిల్లలకు మాటిమాటికీ సేవ్ చేయడం అలవాటు చేయాలి. అందరి భారం లినక్స్ కంప్యూటర్ మెమరీపైనే పడుతుంది. ముందు ఇద్దరితో ప్రయత్నించి, ఆ తర్వాత సంఖ్య పెంచాలి.

ఫైళ్లన్నీ లినక్స్‌లోనే ఉంటాయి. అందువల్ల పిల్లలు రేపు ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా నిన్న ఆపిన వాక్యం నుంచే మొదలుపెట్టొచ్చు. వారానికోసారి వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టడం మాత్రం మరవొద్దు.